తెరవెనుక పలుకు: టిల్లీ లావెన్‌ష్టైన్ అను జర్మను నటి



తోలుబొమ్మలాట చూడనివారు మీలో నుండరు. తెల్లని తెరమీద సీతమ్మ బొమ్మ చేయి కదల్చును. తెర వెనుక కూర్చున్న ఆటగత్తె ఆమె మాట పలుకును. బొమ్మకు గొంతు లేదు, గొంతుకు మొగము లేదు. రెండును కలిసినప్పుడే సీతమ్మ యగును. తెల్లవాఱువఱకు చూచి, కన్నీరు పెట్టుకొని యింటికి వచ్చిన వానిని ‘సీతకు పలికిన దెవరు?’ అని యడిగితిమా, చెప్పలేడు. ఈనాటి నా ప్రసంగము అట్టి గొంతు నొకదానిని గూర్చినది. అయితే ఆ తెర మన యూరిది కాదు. జర్మనీ దేశపు సినిమాతెర. ఆ తెరమీద కదలిన బొమ్మలును తోలుబొమ్మలు కావు. లోకమంతయు నెఱిగిన తారలు.

ఆ గొంతు టిల్లీ లావెన్‌ష్టైన్ అను నామెది. ఆమె 1916లో జర్మనీలోని బాట్ హోంబుర్గ్ అను పట్టణమున పుట్టి, 2002లో మరణించినది. నాటకరంగమున నటించినది, సినిమాలలోను టెలివిజనులోను కనబడినది. కాని జర్మనీ ప్రజలలో పెక్కురు ఆమెను కనులతో గాక చెవులతోనే యెఱుగుదురు. ఇంగ్లీషు, ఫ్రెంచి చిత్రములలోని మహానటీమణుల పెదవులకు ఆమె జర్మను మాటలను చేర్చి పలికినది. ఇట్టి పని యొకటి కలదనియు, అందులో నొక జీవితకాలమంతయు గడిపినవారు కలరనియు మనలో తలచువారు తక్కువ.

నేను బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. సినిమా నా శాస్త్రము కాదు. అయితే వర్ణముల పుట్టుకను గూర్చి గురువులకడ నేర్చినది కొంత కలదు. ఈ విద్యయొక్క గుట్టులో సగము వర్ణముల పుట్టుకలోనే యున్నదని తెలిసికొన్న నాటనుండి నాకు దీనిమీద మక్కువ కలిగినది. ఆ గుట్టును మీకు విప్పి చెప్పవలె నని నా కోరిక. అది తెలిసిననాడు గాని ఆ నటి చేసిన పని యెట్టిదో, దానికి మన మేమి ఋణపడి యున్నామో తేటపడదు.

ఒక భాషలో తీసిన చిత్రమును, బొమ్మలను మార్చక, మాటలను మాత్రము వేఱొక భాషలో పలికించి కూర్చుటను డబ్బింగు అందురు. జర్మనులు దీనికి ‘కాలమును కలుపుట’ అను నర్థము వచ్చు పేరు పెట్టిరి. పేరు తగినదియే. పెదవి కదలిన కాలమును మాట వినబడిన కాలమును కలిసినప్పుడే చూచువాడు నమ్మును. రెప్పపాటు తేడా వచ్చినను నవ్వును.

మొదట ఈ యక్కఱ యెట్లు పుట్టినదో చెప్పెదను. మూగచిత్రముల కాలమున భాష యొక చిక్కు కాదు. నడుమ నడుమ చూపు వ్రాతపలకలను మార్చినచో, ఒక దేశపు చిత్రము వేఱొక దేశమున నడచిపోవుచుండెను. 1927లో అమెరికాలో చిత్రము మాటాడ నేర్చిన తరువాత దేశదేశముల నడుమ భాష యను గోడ లేచినది. దానిని దాటుటకు మొదట కనుగొన్న యుపాయము మిక్కిలి వ్యయముతో గూడినది: ఒకే కథను రెండు మూడు భాషలలో వేఱు వేఱుగా తీయుట. బెర్లినులో తీయబడి 1930లో వెలువడిన ‘నీలిదేవత’ అను చిత్ర మట్టిది. ఒక్కొక్క ఘట్టమును జర్మనులో నొకసారి, ఇంగ్లీషులో నొకసారి నటించిరి. అందు గాయనిగా నటించి లోకప్రసిద్ధి చెందిన మార్లీన్ డీట్రిక్ అను జర్మను స్త్రీని మఱవకుడు. ఆమె మన కథలోనికి మరల వచ్చును.

ఇట్లు ప్రతిచిత్రమును రెండుమాఱులు తీయుట యెవరికి సాధ్యము? అందుచేత, బొమ్మ నట్లే యుంచి మాటను మార్చు ఉపాయము వచ్చినది. తొలినాటి యట్టి ప్రయత్నములలో నొకటి 1930లో అమెరికావారు తీసిన ‘పడమటి యుద్ధరంగము’ కథ. మొదటి ప్రపంచయుద్ధమున జర్మను సైనికులు పడిన పాట్లను రెమార్క్ అను జర్మను రచయిత నవలగా వ్రాసెను. అమెరికా నటులు జర్మను సైనికుల వేషములు వేసి ఇంగ్లీషున మాటాడిరి. ఆ చిత్రమునకు జర్మను మాటలు చేర్చి 1930 డిసెంబరులో బెర్లినులో ప్రదర్శింపగా, హిట్లరు పక్షమువారు ప్రదర్శనశాలలో దుర్వాసన గుండ్లు విసరి, తెల్లయెలుకలను వదలి అల్లరిచేసిరి. ఆ నెలలోనే ప్రభుత్వము చిత్రమును నిషేధించినది. ఆ యల్లరి కథయొక్క భావము మీది ద్వేషముచేత జరిగినది. అయినను ఒక్క సంగతి గమనింపుడు: జర్మనువాని కథ ఇంగ్లీషులోనికి పోయి, మరల అరువు గొంతులతో జర్మనీకి తిరిగివచ్చినది. ఇట్టి వింత ఈ విద్యలో పుట్టుకతోనే యున్నది.

1945లో రెండవ యుద్ధము ముగిసిన పిమ్మట జర్మనీ నాలుగు రాజ్యముల యేలుబడిలో నుండెను. అమెరికా, బ్రిటను, ఫ్రాన్సు, రష్యా దేశములవారు తమతమ చిత్రములను తెచ్చిరి. చూడవలసినవారు జర్మనులు, వారికి వారి భాషలో వినిపింపవలెను. నాటకశాలలు బాంబులకు కూలి, కూలని చోట్ల కూలి తక్కువయై, నటీనటులు అలమటించుచున్న దినము లవి. గొంతు నమ్ముకొనువారికి ఈ పని యొక ఆధార మయ్యెను. 1949లో వెంజెల్ లూడెకె అను నతడు బెర్లినులో డబ్బింగునకే ప్రత్యేకముగ నొక సంస్థను స్థాపించెను. అప్పటినుండి బెర్లిను ఈ విద్యకు ప్రధాన స్థానమయ్యెను. మ్యూనిక్, హాంబుర్గు నగరములలోను అది వర్ధిల్లెను. ఇటలీ, ఫ్రాన్సు, స్పెయిను దేశములును ఇదే త్రోవ పట్టినవి. హాలండు, స్వీడను మొదలగు చిన్నదేశములు మాత్రము మాటల నట్లే వినిపించి, అర్థమును తెర క్రింద వ్రాసి చూపుట నెన్నుకొన్నవి.

ఇక పని జరుగు విధము వినుడు. మొదట నొకరు చిత్రములోని సంభాషణల నన్నిటిని ముక్కకు ముక్కగా భాషాంతరీకరింతురు. అది అర్థమునకు మాత్రమే పనికివచ్చును. దానిని తీసికొని పలుకుల రచయిత చిత్రమును మరల మరల చూచుచు, తెరమీది పెదవులకు సరిపడు మాటలను కూర్చును. పిమ్మట చిత్రమును చిన్న చిన్న ఖండములుగా విభజింతురు. ఒక్కొక్క ఖండము కొన్ని క్షణములు మాత్రమే. ఒక వాక్యము, ఒక్కొక్కచో నొక యేడుపు, ఒక నిట్టూర్పు. పూర్వ మీ ఫిల్ము ముక్కను కొనలు అంటించి దండవలె చేసి యంత్రమునకు తగిలించెడివారు. అదే ముక్క తిరిగి తిరిగి తెరమీద వచ్చుచుండును. చీకటిగదిలో మైకు ముందు నిలిచిన నటి దానిని చూచి, విని, ఊపిరి యెక్కడ పీల్చినదో కనిపెట్టి, తరువాత పలుకును. దర్శకుడు భావమును చూచును. పక్కన కూర్చున్న కూర్పరి, తఱచుగా స్త్రీయే, పెదవికిని మాటకును పొత్తు కుదిరినదా లేదా యని చూచును. కుదురనిచో మరల, మరల.

కూలియు ఖండములను బట్టియే లెక్క. వచ్చినందుల కింత, పలికిన ఖండమున కింత. కథలోని వరుస ప్రకారము పలుకుటయు లేదు. ప్రొద్దున మరణించి మధ్యాహ్నము పెండ్లియాడవలసి యుండును. పూర్వము ఇద్దఱు ముగ్గురొకే మైకు ముందు నిలిచి సంవాదము నడుపువారు. ఇప్పుడు తఱచుగ ఒక్కొక్కరే వచ్చి, ఎదుట లేని వానితో కలహించి, ఎదుట లేని వానికి ప్రణయము తెలిపి పోవుదురు. సంగీతము, అడుగుల చప్పుడు, తలుపు మూసిన సద్దు వేఱొక నాదపట్టీమీద నుండును గనుక మాటలు మాత్రమే మాఱును.

ఇప్పుడు వర్ణముల గుట్టు. మన వ్యాకరణములలో వర్గాక్షరములను ఐదు స్థానములకు పంచిరి: కంఠము, తాలువు, మూర్ధము, దంతము, ఓష్ఠము. మొదటి నాలుగును నోటి లోపలివి. ‘క’ యన్నను ‘త’ యన్నను ఎదుటివాని మొగము చూచినంత మాత్రమున తెలియదు. ఓష్ఠ్యము లట్లు దాగవు. ‘ప, ఫ, బ, భ, మ’ లను పలుకవలెనన్న పెదవులు రెండును కలిసి తీరవలెను. ‘ఊ, ఓ’ లకు పెదవులు గుండ్రనగును. ‘ఆ’ కు నోరు తెఱచుకొనును. ‘ఈ’ కు పెదవులు సాగును. తెరమీద మొగము బారెడు పొడవున కనబడునప్పుడు ఈ భేదములు పిల్లవానికి సయితము తెలియును. అందుచేత మూలములో పెదవి మూసికొన్న చోట భాషాంతరమునను ఓష్ఠ్యమే పడవలెను. మూయని చోట ఓష్ఠ్యము పడరాదు.

ఒక చిన్న యుదాహరణము చెప్పెదను. ఇంగ్లీషులో పిలుచుటకు ‘కమ్’ అందురు. జర్మనులో ‘కొమ్’ అందురు. రెండింటను తుదను పెదవులు మూతపడును. రచయితకు శ్రమ లేదు. దానినే తెలుగు చేయవలెనన్న ‘రండి’ యనిన చెడును, పెదవి మూతపడదు గదా! ‘రమ్ము’ అనిన కుదురును. మరల, పొమ్మనుటకు ఇంగ్లీషున ‘గో’ అందురు, పెదవులు గుండ్రనగును. జర్మనులో ‘గే’ అందురు, పెదవులు సాగును. అర్థ మొక్కటియే, వర్ణము లించుమించుగ నొక్కటియే, అయినను పెదవి యొప్పదు. రచయిత వేఱుమాట వెదకికొనవలెను.

దండి మహాకవి దశకుమారచరిత్రములో మంత్రగుప్తుడను వానికి, ప్రియురాలి దంతక్షతముచే పెదవి నొచ్చి యున్నందున, ఓష్ఠ్యాక్షర మొక్కటియు లేకుండ వాని కథనంతయు వానిచేత చెప్పించెను. సంస్కృతము చదివిన పెద్దలకు ఆ యేడవ యుచ్ఛ్వాసము పరిచితమే. పలుకుల రచయిత చేయునదియు నట్టి నియమమే. కాని మఱింత కఠినము. మంత్రగుప్తుడు ఓష్ఠ్యములను మానిన చాలును. ఇతడు కొన్నిచోట్ల మానవలెను, కొన్నిచోట్ల తప్పక నిలుపవలెను. ఆ చోట్లను నిర్ణయించువాడు తాను గాడు. ఎన్నడో, ఎక్కడనో, వేఱొక భాషలో కదలిన పెదవి.

వాక్యనిర్మాణము మఱియొక చిక్కు. ఇంగ్లీషున క్రియ ముందుగ వచ్చును, తక్కినది వెనుక వచ్చును. జర్మనులో పెక్కు వాక్యములలో క్రియ, లేదా క్రియలోని ముఖ్యభాగము, మనకు వలెనే తుదకు పోవును. ఇంగ్లీషు నటి ‘చంపితిని’ అను మాటయొద్ద కన్నులు పెద్దవి చేసినదనుకొనుడు. అది వాక్యము మొదట. జర్మనులో ఆ మాట చివర వచ్చును. కన్నులు ముందు పెద్దవియై, మాట తరువాత వచ్చిన భావము చెడును. కాబట్టి రచయిత వాక్యమును త్రిప్పి వ్రాయవలెను. త్రిప్పుట కవకాశము లేనిచోట నటి తన స్వరముయొక్క బరువును వేఱొక మాటమీదికి జరుపవలెను.

ఇంకొక సంగతి మనవారికి చక్కగ తెలియును. ఇంగ్లీషున ఎవరినైనను ఒకే మాటతో పిలుతురు. జర్మనులో మనకువలెనే ‘నీవు’ వేఱు, ‘మీరు’ వేఱు. స్త్రీపురుషు లిద్దఱు కథాప్రారంభమున ‘మీరు’ అనుకొని, తరువాత ‘నీవు’ లోనికి దిగవలెను. ఏ వాక్యమున దిగవలెను? మూలములో ఆధార మేమియు లేదు. తొందరపడి ముందుగ దిగిన నాయిక చులకన యగును. ఆలస్యమైన ప్రణయము చల్లబడును. ఒక్క సర్వనామముమీద ఒక పాత్రయొక్క మర్యాద ఆధారపడి యుండును.

ఇన్ని కట్టుబాట్ల నడుమ నిలిచి, అవి యేవియు లేనట్లు పలుకుటయే గొంతునటియొక్క విద్య. నాటకములో నటి తన యూపిరితో తాను పలుకును. ఇక్కడ వేఱొకరి యూపిరితో పలుకవలెను. ఎదుటి నటి యెక్కడ ఊపిరి పీల్చినదో అక్కడనే పీల్చవలెను. ఆమె నవ్వినంత సేపే నవ్వవలెను. ఆ పరవశత్వములోనే స్వతంత్రమైన జీవమును చూపవలెను. చూపలేనినాడు తెరమీద నిలుచునది చదువబడిన కాగితమే గాని మనిషి కాదు.

టిల్లీ లావెన్‌ష్టైన్ ఈ విద్యలో దశాబ్దముల కొలది నిలిచినది. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, బార్బరా స్టాన్‌విక్, కాథరిన్ హెప్‌బర్న్ అను నటీమణులకును, ఫ్రాన్సు దేశపు సిమోన్ సిన్యోరే కును ఆయా చిత్రములలో ఆమె గొంతు జర్మను పలుకయ్యెను. ఈ నలుగురి స్వభావములు నాలుగు దిక్కులు. బెర్గ్‌మన్ మృదువు; స్టాన్‌విక్ కఠినము; హెప్‌బర్న్ పలుకులో పదునును చమత్కారమును; సిన్యోరే పలుకులో బ్రతుకు చూచిన యలసట. ఒక కంఠము ఈ నాలుగింటికి నొదుగుట యెట్లు? వేషగాడు మొగమునకు రంగు మార్చును. ఆమెకు రంగు లేదు. వేగము, ఊపిరి, మాటకు మాటకు నడుమ మౌనము: ఇవియే ఆమె రంగులు. వయసు పెరిగినకొలది ఆమె పలికిన పాత్రల వయసును పెరిగినది. కనబడు నటికి ముడుతలు శత్రువులు. గొంతునటికి వయసు క్రొత్త పాత్రలను తెచ్చిపెట్టును.

జర్మనీలో నొక వాడుక కలదు. ఒక విదేశతారకు ఒక గొంతు కుదిరినచో, వీలైనంతవఱకు తరువాతి చిత్రములకును ఆ గొంతునే పిలుతురు. ప్రేక్షకులకు ఆ తారయనిన ఆ గొంతే. గొంతు మాఱినచో ‘ఇది మన మెఱిగిన యామె కాదు’ అని చిన్నబుచ్చుకొందురు. తారయొక్క నిజమైన కంఠమును ఎన్నడైన విన్నచో అదియే పరాయిదిగ తోచును! అయినను ఆ గొంతు ఎవరిదని అడుగువారు అరుదు. పలువేండ్లపాటు చిత్రముల పేర్లపట్టికలో గొంతునటుల పేర్లు వ్రాయుట ఆచారమే కాకుండెను.

ఇప్పుడు మార్లీన్ డీట్రిక్ కథకు వత్తును. ఆమె 1901లో బెర్లినులో పుట్టినది. 1930లో ‘నీలిదేవత’ ముగిసినంతనే అమెరికాకు పోయినది. హిట్లరు పక్షమువారు రమ్మని పిలిచినను రాక, 1939లో అమెరికా పౌరసత్వము గైకొని, యుద్ధకాలమున అమెరికా సైనికులకు పాటలు పాడినది. అందుకు జర్మనులలో కొందఱు ఆమెను దేశద్రోహిణి యనిరి. 1960లో ఆమె పాటకచేరీలకు జర్మనీ వచ్చినప్పుడు మెచ్చినవారు మెచ్చిరి. ‘వెనుకకు పొమ్ము’ అని అఱచినవారును కలరు.

అంతకు ముందు 1957లో అమెరికాలో ‘ప్రాసిక్యూషను సాక్షి’ అను చిత్రము వెలువడెను. అగాథా క్రిస్టీ వ్రాసిన కథ; దర్శకుడు బిల్లీ వైల్డర్, 1933లో బెర్లిను విడిచిపోయిన యూదుడు. లండనులో నొకడు హత్యానేరముపై బోనెక్కును. వాని భార్య జర్మను స్త్రీ. ఆమె కోర్టుకు వచ్చి భర్తకు విరుద్ధముగ సాక్ష్యము చెప్పును. ఆ భార్య పాత్ర డీట్రిక్ ధరించినది. ఇంగ్లీషు చిత్రములో ఆమె పలుకునందు జర్మను యాస వినబడును. దానిచేతనే ఆమె పరాయిదని చూచువారికి అడుగడుగున తోచును.

ఆ చిత్రము జర్మనీకి వచ్చినది. జర్మను ప్రతిలో డీట్రిక్ పెదవులకు పలికినది టిల్లీ లావెన్‌ష్టైన్. ఒక్క నిమిష మాగి యోచింపుడు. బెర్లినులో పుట్టిన స్త్రీ, మాతృభాష జర్మను, పాత్రయు జర్మను స్త్రీయే. అట్టి యామె తన జన్మభూమిలోని తెరమీద తన మాతృభాషను వేఱొక జర్మను స్త్రీ గొంతుతో పలికినది! విదేశములో నున్న నటీమణులు మరల వచ్చి చీకటిగదిలో నిలిచి ఖండఖండముగ పలుకుట అన్నివేళల జరుగు పని కాదు. ఈ వృత్తి వారు అట్టి వారికొఱకే యున్నారు. అయినను ఇందులో నొక విషాదము కలదు. దేశము విడిచిన యామె రూపము తిరిగివచ్చినది, కంఠము రాలేదు.

లావెన్‌ష్టైన్ పడిన చిక్కు చూడుడు. జర్మను ప్రతిలో న్యాయాధిపతియు, వకీలును, లండను దాసియు అందఱును జర్మనే మాటాడుదురు. ఇక జర్మను యాసచేత పరాయిదని తెలియుట యెట్లు? మూలములో యాస చేసిన పనియంతయు ఇచ్చట స్వరమొక్కటే చేయవలసి వచ్చును. పైగా, డీట్రిక్ గొంతును ‘నీలిదేవత’ నాటనుండి గ్రామఫోను పలకలలో విన్న జర్మనులు వేలకువేలు. వారి చెవులముందు ఆమె మొగమునకు మాట చేర్చుట సాహసమే. అనుకరించిన వెక్కిరింత యగును. అనుకరింపకున్న అపరిచిత మగును. ఈ రెండింటి నడుమ సన్నని గట్టుమీద నడచుటే ఆమె వృత్తి.

ఈ విద్యకు మఱియొక ముఖము కూడ కలదు. అది చెప్పక దాచుట ధర్మము కాదు. బొమ్మ నట్లే యుంచి మాట మార్చు శక్తి చేతికి వచ్చినప్పుడు, భాషతోపాటు భావమును మార్చుటయు సులభము. 1942లో అమెరికావారు తీసిన ‘కాసాబ్లాంకా’ చిత్రములో నాజీ అధికారులు ముఖ్యపాత్రలు. 1952లో అది పశ్చిమ జర్మనీకి వచ్చినప్పుడు ఇంచుమించు ఇరువదియైదు నిమిషముల భాగము కత్తిరింపబడెను. నాజీలు మాయమైరి. వారి నెదిరించిన లాజ్లో అను చెకోస్లొవేకియా దేశభక్తుడు, లార్సెన్ అను నార్వే శాస్త్రజ్ఞుడుగా మాఱెను. 1946 నాటి ‘నొటోరియస్’ చిత్రములో యురేనియము దాచిన నాజీలు, 1951 నాటి జర్మను ప్రతిలో మత్తుమందు వర్తకులైరి. చిత్రము పేరును ‘తెల్లని విషము’ అయ్యెను. ప్రేక్షకులు తమ నిన్నటి పాపమును తెరమీద చూడ నొల్లరని వర్తకులు తలచిరి. చూచినవారికి పెదవులకును మాటలకును పొత్తు కుదిరెను, సత్యమునకే కుదురలేదు. ‘కాసాబ్లాంకా’ యథాతథముగ జర్మనులో వినబడుటకు 1975 వఱకు, క్రొత్తగా మరల పలికించువఱకు, ఆగవలసి వచ్చెను. కాబట్టి పలుకు చేర్చు పని కేవలము వర్ణముల పని కాదు. భాషాంతరకర్తకు వలెనే దీనికిని సత్యనిష్ఠ వలయును.

ఇక ఈ గొంతులవారికి దక్కినదేమి? చిత్రము కోట్లు గడించినను గొంతునటునికి ఖండముల లెక్కను ఇచ్చిన కూలియే కూలి. ఈ యన్యాయమును గూర్చి జర్మనీలో నొక వ్యాజ్యము నడచినది. మిక్కిలి లాభము గడించిన ఓడదొంగల చిత్రములలో కథానాయకునకు గొంతిచ్చిన నటుడు మఱికొంత ప్రతిఫలము కోరెను. 2012లో జర్మనీ సమాఖ్య ఉన్నత న్యాయస్థానము, నాయకపాత్రకు పలుకుట లెక్కకురాని చిల్లరపని కాదనియు, అట్టి కోరికను సులభముగ త్రోసివేయరాదనియు తీర్పు చెప్పెను. లావెన్‌ష్టైన్ కాలము గడచిన పదియేండ్లకు వచ్చిన మాట యది. ఆమె కది దక్కలేదు. ఆమె వెనుకవారికి దక్కినది.

ఇప్పుడు మఱియొక భయము వచ్చినది. ఈ కొలది యేండ్లలో యంత్రములు మనుష్యుని గొంతును పోల్చి పలుక నేర్చినవి. కొన్ని గంటల రికార్డు చేతనున్న చాలును. పలికినవాడు లేకయే వాని గొంతు క్రొత్త మాటలను పలుకును. తమ యనుమతి లేక తమ కంఠమును యంత్రమునకు మేపరాదని జర్మనీ గొంతునటులు పట్టుపట్టుచున్నారు. మొగము లేని వృత్తిలో వారికి గల ఆస్తి కంఠమొక్కటే. పొలము గట్టు జరిపినచో మనము ఊరుకొందుమా? వారికి గొంతే పొలము.

ఈ మాట మనకు దూరము కాదు. తెలుగులో తొలి డబ్బింగు చిత్రమగు ‘ఆహుతి’ 1950లో వచ్చినది. హిందీ పెదవులకు తెలుగు మాటలు కూర్చినవాడు శ్రీశ్రీ. నాటినుండి నేటివఱకు తెలుగు రాని నాయికలు పెక్కుమంది తెలుగు స్త్రీల గొంతులతోనే మన యిండ్లలోనికి వచ్చిరి. వారి మొగములు పంచాంగములమీద నున్నవి. వారి గొంతుల పేర్లు మన నోట లేవు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన నంది బహుమానములలో ఈ విద్యకును స్త్రీపురుషులకు వేఱువేఱుగ బహుమానము నిచ్చి యుండుట మెచ్చదగినది. అయితే ప్రభుత్వపు బహుమాన మొకటి. వినువాని గుర్తింపు వేఱొకటి.

మన శాస్త్రములలో వాక్కును దేవత యనిరి. వాక్కునకు ఆకారమును కల్పించి పూజించితిమి గాని, పలుకువాని పేరు అడుగుట మఱచితిమి. టిల్లీ లావెన్‌ష్టైన్ తన జీవితమున నెన్నియో సుప్రసిద్ధ ముఖములకు ప్రాణవాయువు నిచ్చి, తాను చీకటిగదిలో నిలిచినది. ఆమె పేరు మన పల్లెలలో వినబడుట ఇదే మొదటిసారి కావచ్చును. ఆమెకు దీనివలన లాభము లేదు. లాభము మనది: ఇకమీద చిత్రమో, నాటకమో, రేడియో కథయో విన్నప్పుడు, మాట మనసును తాకినచో, పేర్లపట్టిక వచ్చువఱకు కూర్చుండి ఆ పలుకు ఎవరిదో చూడుడు. పట్టికలో లేకున్నచో, ఏల లేదని అడుగుడు. అడుగువారున్న నాడే వ్రాయువారుందురు.